సరుకు గోదాంలో, రసీదు బ్యాంకులో: ఇది తాకట్టు అవుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. సుమారు 400 క్వింటాళ్ల పసుపు ఒక ప్రైవేటు గోదాంలో ఉంది. ఇప్పుడే అమ్మితే గిట్టుబాటు కాదు కాబట్టి కొన్ని నెలలు ఆగాలనుకుంటున్నారు. ఈలోగా చేతిలో డబ్బు కావాలి. బ్యాంకు మేనేజరు "సరుకు పత్రాలు తాకట్టు పెట్టండి, చూద్దాం" అన్నారు. సరుకు ఉన్నచోటే ఉండి కాగితం ఒక్కటే చేతులు మారితే తాకట్టు ఎలా అవుతుంది, లారీ రసీదు కూడా పనికొస్తుందా, రేపు అప్పు తీరకపోతే బ్యాంకు ఏం చేస్తుంది అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: అవుతుంది, కానీ ప్రతి కాగితానికీ ఆ బలం ఉండదు. సరుకు ఎవరి చేతిలో ఉందో ఆయన, అంటే గోదాం యజమాని, "ఇకమీదట దీన్ని బ్యాంకు తరఫున ఉంచుకున్నాను, బ్యాంకు చెబితేనే వదులుతాను" అని ఒప్పుకోవాలి. లేదంటే చట్టమే ఆ బలం ఇచ్చిన పత్రం అయి ఉండాలి. రెండూ లేకపోతే మీరు బ్యాంకు చేతిలో పెట్టింది ఉత్త రసీదు ముక్క. లారీ రసీదు విషయంలో కొంచెం తిరకాసు ఉంది, కింద రాస్తాను. అప్పు తీరకపోతే బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే సరుకు అమ్ముకోవచ్చు, అయితే ముందు నోటీసు ఇచ్చి తీరాలి.

నేను బ్యాంకులో సరుకుల మీద ఇచ్చే అప్పులు చూసే పనిలో చాలా ఏళ్లు ఉండి రిటైరయ్యాను. కాబట్టి ఇదంతా కౌంటరుకు అవతలి వైపు నుంచి చూసిన మనిషి మాటగా తీసుకోండి.

మన దేశంలో తాకట్టుకు ఆధారం 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 172వ సెక్షన్. అప్పుకు హామీగా వస్తువును అప్పగిస్తే అది తాకట్టు. ఇందులో అసలు కీలకం అప్పగించడం. బంగారం అయితే బ్యాంకు లాకర్లో పెట్టుకుంటుంది, గొడవ లేదు. 400 క్వింటాళ్ల పసుపును ఏ బ్రాంచిలో పెడతారు? అందుకే పాత రోజుల్లో గోదాంకు బ్యాంకే తన తాళం వేసేది. కీ లోన్ అనేవాళ్లు. సరుకు కావాలంటే డబ్బు కట్టి, బ్యాంకు మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి తాళం తీయించుకోవాలి. ఇప్పటికీ కొన్నిచోట్ల నడుస్తోంది. కానీ మీ సరుకు మీ గోదాంలో లేదు. వేరేవాళ్ల గోదాంలో, ఇంకో పదిమంది సరుకుతో కలిసి ఉంది. అక్కడ బ్యాంకు తాళం వేయడం కుదరదు. ఆ తాళం చేయాల్సిన పని కాగితం చేయాలి.

ఏ కాగితాలు ఆ పని చేస్తాయో 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 2(4) సెక్షన్ చెబుతుంది. ఓడ సరుకుకు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, రేవు గోదాముల వారంటు, గోదాం యజమాని సర్టిఫికెట్, రైల్వే రసీదు, రైలు, లారీ, ఓడ లాంటివి మారుతూ వెళ్లే సరుకుకు ఇచ్చే బహుళ రవాణా పత్రం, సరుకు అప్పగించమని ఇచ్చే డెలివరీ ఆర్డరు పేర్లతో సహా అందులో ఉన్నాయి. చివర్లో ఇంకో మాట కూడా ఉంది: వ్యాపారంలో మామూలుగా సరుకు మీద స్వాధీనానికో అధికారానికో రుజువుగా వాడే ఏ ఇతర పత్రమైనా సరే. లాయర్ల వాదనలన్నీ ఈ చివరి మాట చుట్టూనే తిరుగుతాయి.

జాబితాలో "గోదాం యజమాని సర్టిఫికెట్" ఉంది కదా, మరి మా రసీదు చెల్లదా అని మీరు అడగొచ్చు. దాన్ని తీసి ఒకసారి చదవండి. చాలా ప్రైవేటు గోదాంలు ఇచ్చేది కార్బన్ కాపీ స్లిప్పు. ఇన్ని బస్తాలు ముట్టాయి, అద్దె ఇంత, అంతే. దాన్ని ఇంకొకరి పేరున రాసివ్వవచ్చని ఉండదు. రసీదు చూపిస్తేనే సరుకు వదులుతామని కూడా ఉండదు. నిజానికి మీరు రసీదు ఇంట్లో మర్చిపోయి వెళ్లినా, మొహం తెలిసిన మనిషి కాబట్టి బస్తాలు లోడ్ చేసి పంపిస్తారు. కాగితం లేకుండా సరుకు బయటికి వచ్చేచోట ఆ కాగితాన్ని బ్యాంకు బీరువాలో పెట్టుకుని ఏం లాభం?

ఇక్కడ మీకు రెండు దారులు ఉన్నాయి.

మొదటిది, లేఖల దారి. మీరు రసీదు వెనుక బ్యాంకు పేరున రాసి సంతకం పెడతారు. దాంతోపాటు గోదాం యజమానికి మీరు, బ్యాంకు కలిసి లేఖ రాస్తారు. ఆయన తన రిజిస్టర్లో బ్యాంకు హక్కు నమోదు చేసి, ఒప్పుకుంటూ జవాబు ఇవ్వాలి. ఈ జవాబు లేఖే ప్రాణం. నా టేబుల్ మీదికి వచ్చిన ఫైళ్లలో చాలావాటికి మన లేఖ పంపినట్టు పోస్టాఫీసు రసీదు ఉండేది, అవతలి నుంచి జవాబు మాత్రం ఉండేది కాదు. అలాంటి ఫైలును నేను తాకట్టుగా లెక్కేసేవాణ్ణి కాదు. ఆ జవాబులో ఉండాల్సినవి: లాట్ నంబరు, బస్తాల సంఖ్య, బరువు, ఏ దొంతరలో ఉన్నాయో, ఇంతకుముందు ఇంకెవరి హక్కూ నమోదు కాలేదన్న మాట, బ్యాంకు రాతపూర్వక ఆర్డరు లేకుండా ఒక్క బస్తా వదలనన్న మాట. గోదాం అద్దె బాకీ ఉంటే దానికి ఆయన హక్కు ముందు వస్తుంది. అది ఎంతో కూడా ఆ లేఖలోనే రాయించాలి. మేనేజరు అడగకపోయినా మీరే అడిగి రాయించండి, తర్వాత మీకూ తలనొప్పి ఉండదు.

రెండోది, ఎలక్ట్రానిక్ రసీదు దారి. 2007 నాటి గోదాముల చట్టం 2010 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. దాని కింద డబ్ల్యూడీఆర్‌ఏ అనే నియంత్రణ సంస్థ ఏర్పడింది. అక్కడ రిజిస్టరైన గోదాంలో సరుకు పెడితే బరువు, నాణ్యత పరీక్షించి, చేతులు మార్చుకోగల రసీదు ఇస్తారు. అదిప్పుడు ఎలక్ట్రానిక్ రూపంలోనే వస్తుంది, ఈ-ఎన్‌డబ్ల్యూఆర్ అంటారు. షేర్లకు డీమ్యాట్ ఖాతా ఉన్నట్టే దీనికి రిపాజిటరీలో, అంటే ఈ రసీదుల లెక్క ఉంచే సంస్థలో, ఖాతా ఉంటుంది. ఎన్‌ఈఆర్‌ఎల్, సీసీఆర్‌ఎల్ అని రెండు రిపాజిటరీలు ఉన్నాయి. మీరు ఖాతా నుంచి తాకట్టు అభ్యర్థన పెడతారు, బ్యాంకు ఒప్పుకుంటుంది, రసీదు మీద బ్యాంకు హక్కు పడుతుంది. బ్యాంకు వదిలేదాకా గోదాం వాళ్లు సరుకు ఇవ్వలేరు. సగం అప్పు కట్టి సగం సరుకు విడిపించుకోవడం కూడా కుదురుతుంది. ఒకే రసీదును రెండు బ్యాంకుల్లో పెట్టడం ఇక్కడ సాధ్యం కాదు, బ్యాంకులకు నచ్చేది ముఖ్యంగా ఇదే. ఈ రసీదుల మీద ఇచ్చే అప్పులకు కేంద్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో 1,000 కోట్ల నిధితో గ్యారంటీ పథకం కూడా పెట్టింది.

నన్నడిగితే, సరుకు గోదాంలో పెట్టకముందే ఈ ఆలోచన ఉన్నవాళ్లకు రెండో దారే మేలు. మీ సరుకు ఇప్పటికే వేరేచోట ఉంది కాబట్టి హమాలీ, రవాణా ఖర్చు లెక్క వేసుకోవాలి. కొన్ని నెలల అప్పు కోసం 400 క్వింటాళ్లు ఎత్తి దించడం ఒక్కోసారి దండగ.

రైల్వే రసీదు గురించి మీరు అడగలేదు కానీ ఈ మొత్తం వ్యవహారానికి పునాది లాంటి కేసు అక్కడే ఉంది. మోర్వీ మర్కంటైల్ బ్యాంకు కేసులో 1965లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒక వ్యాపారి థానే నుంచి ఢిల్లీ దగ్గరి ఓఖ్లాకు పెట్టెలు బుక్ చేశాడు. రసీదులు తన పేరునే తీసుకుని, బ్యాంకుకు రాసిచ్చి 20,000 రూపాయలు అప్పు తీసుకున్నాడు. తీరా అక్కడికి చేరినవి ఆ వ్యాపారి పంపిన సరుకు కాదని బ్యాంకు డెలివరీ తీసుకోలేదు, రైల్వే మీద దావా వేసింది. రసీదు తాకట్టు పెట్టినంత మాత్రాన సరుకు తాకట్టు పెట్టినట్టు కాదు అన్నది రైల్వే వాదన. మెజారిటీ జడ్జీలు ఒప్పుకోలేదు. రైల్వే రసీదు బ్యాంకుకు రాసిస్తే సరుకే తాకట్టు పడినట్టు, నష్టానికి దావా వేసే హక్కు బ్యాంకుకు ఉంది అన్నారు. అంతేకాదు, అప్పు 20,000 అయినా సరుకు మొత్తం విలువ 35,500 రూపాయలకూ దావా వేయొచ్చని తేల్చారు. కాగితం మీద నడిచే తాకట్టుకు ఇంతకంటే గట్టి భరోసా ఇచ్చిన తీర్పు నాకు తెలియదు.

ఇప్పుడు లారీ రసీదు. 2(4) జాబితాలో దాని పేరు లేదు. చివరి మాట కింద వస్తుందని వాదించవచ్చు గానీ అది ఆ రసీదు మీద ఏం రాసుందో, ఆ వ్యాపారంలో అలవాటేమిటో రుజువు చేసే వ్యవహారం. అందుకే బ్యాంకులు వేరే జాగ్రత్త తీసుకుంటాయి. సరుకు అందుకునేవారి స్థానంలో బ్యాంకు పేరే రాయిస్తాయి, బ్యాంకుల సంఘం సిఫారసు చేసిన ట్రాన్స్‌పోర్టు కంపెనీల రసీదులనే తీసుకుంటాయి. అదీ బిల్లు మీద కొద్దిరోజుల అప్పుకే. గోదాంలో నెలల తరబడి ఉండే సరుకుకు, ఎప్పుడో అది వచ్చినప్పటి లారీ రసీదు పట్టుకెళ్లి అప్పు అడిగితే లాభం లేదు. లారీ సరుకు దించేయగానే ఆ రసీదు పని అయిపోయింది.

విమానం సరుకుకు ఇచ్చే ఎయిర్ వేబిల్ కూడా ఇలాంటిదే, చేతులు మారే పత్రం కాదు. బిల్ ఆఫ్ లేడింగ్ మాత్రం వీటన్నిటికీ రాజు. దాని మీద 1856 నాటి చట్టం పోయి 2025లో కొత్త చట్టం వచ్చింది. ఒకటే గుర్తుంచుకోండి: దానికి మామూలుగా మూడు ఒరిజినళ్లు ఉంటాయి, ఏ ఒక్కటి చూపించినా ఓడ వాళ్లు సరుకు ఇచ్చేస్తారు. అందుకే బ్యాంకు మూడూ అడుగుతుంది. "ఒకటి పార్టీకి పంపేశానండీ" అంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. మీ పసుపు ఎగుమతికి వెళితే అప్పుడు ఇంకో ప్రశ్న వేయండి, వివరంగా రాస్తాను.

బ్యాంకు వాళ్లు ఇన్ని కొర్రీలు ఎందుకు పెడతారని విసుగొస్తుంది, నిజమే. కాగితం ఎంత గట్టిదైనా అది చెప్పిన సరుకు లోపల లేకపోతే అంతా గాలిలో కలుస్తుంది. 1963లో అమెరికాలో బయటపడ్డ సలాడ్ ఆయిల్ కుంభకోణం దీనికి పాఠం లాంటిది. టినో డి ఏంజెలిస్ అనే వ్యాపారి న్యూజెర్సీలోని బయోన్‌లో ట్యాంకుల్లో నూనె ఉందని చూపించి అప్పులు తీసుకున్నాడు. రసీదులు ఇచ్చింది అమెరికన్ ఎక్స్‌ప్రెస్ అనుబంధ సంస్థ, అంటే కాగితం మీద పేరుకు తిరుగులేదు. ట్యాంకుల్లో అడుగున నీళ్లు, పైన నూనె తేలుతూ ఉండేది. పైనుంచి చూసినవాళ్లకు ట్యాంకు నిండా నూనే. మన దగ్గర 2013లో నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజీలో సుమారు 5,600 కోట్ల చెల్లింపులు ఆగిపోయినప్పుడు కూడా, గోదాముల్లో ఉండాల్సిన సరుకు చాలాచోట్ల కనబడలేదు.

నా సర్వీసులోనే ఒక గోదాం తనిఖీకి వెళ్లాను. గోడ దాకా పేర్చిన బస్తాలు, పైకప్పు అందుకునేలా ఉన్నాయి. దొంతరకు కట్టిన స్టాక్ కార్డు మీద లెక్క సరిపోయింది. ముందు వరుసలో గొట్టం గుచ్చి తీసిన శాంపిలూ బ్రహ్మాండంగా ఉంది. నిచ్చెన వేయించుకుని పైకెక్కి చూస్తే మధ్యలో బావిలా ఖాళీ. చుట్టూ నాలుగు వైపులా బస్తాల గోడ కట్టి, పైన రెండు వరుసల చెక్కల మీద బస్తాలు పరిచారు. ఒక చెక్క కాస్త పక్కకు జరగబట్టి లోపలి చీకటి కనబడింది. పార్టీ పక్కనే నిలబడి "హమాలీలు సరిగా పేర్చలేదు సార్" అన్నాడు! అప్పటినుంచి నేను పైకెక్కకుండా ఏ దొంతర లెక్కా ఒప్పుకోలేదు. మీ గోదాంకు బ్యాంకు ఆఫీసరు వచ్చి నిచ్చెన అడిగితే మిమ్మల్ని అనుమానిస్తున్నాడని బాధపడొద్దు.

కమీషన్ ఏజెంటు దగ్గర సరుకు పెట్టేవాళ్లు మాత్రం ఈ పేరా రెండుసార్లు చదవండి. కాంట్రాక్టు చట్టం 178వ సెక్షన్ ఒకటుంది. యజమాని సమ్మతితో సరుకో, సరుకు పత్రాలో చేతిలో ఉన్న వ్యాపార ఏజెంటు, తన మామూలు వ్యాపారంలో భాగంగా వాటిని తాకట్టు పెడితే, బ్యాంకు మంచి నమ్మకంతో తీసుకుని ఉంటే, ఏజెంటుకు అధికారం లేదన్న విషయం దానికి తెలియకపోతే, ఆ తాకట్టు చెల్లుతుంది. అంటే మీ సరుకు రసీదు "మీ దగ్గరే ఉంచండన్నా" అని ఏజెంటు చేతిలో పెట్టి మీరు ఊరెళితే, ఆయన దాని మీద అప్పు తీసుకోవచ్చు, బ్యాంకు హక్కు నిలబడొచ్చు. మీరు ఏజెంటు మీద కేసు వేసుకోవాలి. రసీదు మీ పేరున తీసుకోండి, మీ దగ్గరే పెట్టుకోండి. చుట్టరికం, మొహమాటం ఇక్కడ పనికిరావు.

ఇక డబ్బు లెక్క. సరుకు విలువంతా అప్పుగా ఇవ్వరు, మార్జిన్ మినహాయిస్తారు. అది సరుకును బట్టి, బ్యాంకును బట్టి మారుతుంది. ఉదాహరణకు క్వింటాలు 15,000 అనుకుంటే మీ సరుకు విలువ 60 లక్షలు. 30 శాతం మార్జిన్ తీసేస్తే అప్పు 42 లక్షలు. ధర 12,000కు పడిందనుకోండి. విలువ 48 లక్షలు, దాని మీద రాదగిన అప్పు 33 లక్షల 60 వేలు. తేడా 8 లక్షల 40 వేలు మీరు వెంటనే కట్టాలి, లేదా మార్జిన్ పోను ఆ తేడాకు సరిపడేలా ఇంకో 12 లక్షల విలువైన సరుకు చూపించాలి. ధర పెరుగుతుందని ఆగినవాళ్లకు అసలు టెన్షన్ ఇక్కడే. ఇంట్లో నిల్వ చేసుకుని ఉంటే పడిన ధరను ఓపికగా భరించి కూర్చోవచ్చు. తాకట్టులో ఉంటే బ్యాంకు ఫోన్ వస్తుంది. కాబట్టి ఇస్తామన్న మొత్తం అంతా తీసుకోకండి. మీ అవసరం 25 లక్షలైతే 25 లక్షలే తీసుకోండి, అప్పుడు ధర కొంత పడినా మీ మీదికి రాదు.

వడ్డీతో పాటు అద్దె, బీమా ప్రీమియం, తనిఖీ ఖర్చు కూడా కలుపుకుని చూడండి. బీమా పాలసీలో బ్యాంకు పేరు ఉండాలి. గోదాం వాళ్ల పాలసీ ఉంది కదా అని ఊరుకోకుండా అందులో మీ సరుకు విలువకు సరిపడా కవరేజీ ఉందా, అగ్నిప్రమాదంతో పాటు దొంగతనం, వరద కూడా ఉన్నాయా చూసుకోండి. పసుపు పుచ్చు పడితే బీమా రాదు. అది మీరు, గోదాం చూసుకోవాల్సిన సంగతి.

చివరి ప్రశ్న, అప్పు తీరకపోతే. 176వ సెక్షన్ ప్రకారం బ్యాంకుకు రెండు దారులు: సరుకు హామీగా ఉంచుకుని దావా వేయడం, లేదా మీకు తగిన గడువుతో నోటీసు ఇచ్చి సరుకు అమ్మడం. ఒప్పంద పత్రంలో "నోటీసు లేకుండా అమ్మవచ్చు" అని చిన్న అక్షరాల్లో రాసున్నా నోటీసు తప్పదు. అమ్మగా ఇంకా బాకీ మిగిలితే మీరు కట్టాలి. ఎక్కువ వస్తే మీకు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు ఆ సరుకును తానే కొనుక్కోకూడదు. షేర్ల తాకట్టు కేసు ఒకదానిలో 2022లో సుప్రీంకోర్టు ఇది మళ్లీ గట్టిగా చెప్పింది. ఇక 177వ సెక్షన్ మీకు కొండంత అండ: నోటీసు గడువు దాటిపోయినా, సరుకు నిజంగా అమ్ముడుపోయే క్షణం దాకా మీరు బాకీ, దానివల్ల పెరిగిన ఖర్చులు కట్టి విడిపించుకోవచ్చు.

బ్యాంకు సరుకు పోగొడితే? బాకీ కట్టినప్పుడు సరుకు తిరిగి ఇవ్వలేని స్థితిలో ఉండి, అప్పు మాత్రం వసూలు చేస్తానంటే కుదరదని 1966లోనే లల్లన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీకు అప్పిచ్చినవారు ఇంకొకరు ఉండి ఆయన సరుకు మీదికి వచ్చినా, ముందు తాకట్టు పట్టిన బ్యాంకు బాకీ తీరాకే ఆయనకు. 1971లో బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో తాకట్టులో ఉన్న చక్కెరను ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నా బ్యాంకు హక్కే ముందన్నారు.

మరో చిన్న విషయం. మేనేజరు "తాకట్టు" అన్నారా, "హైపోథికేషన్" అన్నారా మళ్లీ అడగండి. కౌంటర్లో రెండూ కలిపేసి మాట్లాడతారు. హైపోథికేషన్ అయితే సరుకు మీ స్వాధీనంలోనే ఉంటుంది, మీరు అమ్ముకుంటూ నెలనెలా స్టాకు స్టేట్‌మెంట్ ఇస్తారు. దానికి రసీదు అప్పగించక్కర్లేదు, కానీ మామూలుగా వేరే ఆస్తి హామీ కూడా అడుగుతారు. ఒకే లాటు కొన్ని నెలలు కదలకుండా ఉంచే మీలాంటివాళ్లకు తాకట్టే సరిపోతుంది.

మీ గోదాంకు డబ్ల్యూడీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉందో లేదో, ఉంటే అది ఎప్పటిదాకా చెల్లుతుందో కనుక్కుని ఇక్కడ రాయండి. లేకపోతే రసీదులో ఉన్న షరతులు, పేర్లు తీసేసి, టైపు చేసి పెట్టండి. అవి చూస్తే గోదాం వాళ్లతో ఎలాంటి లేఖ రాయించుకోవాలో చెప్పగలను.